సముద్రపు ఒడ్డున ఒక రాత్రి: జపాన్ మిన్షుకులో దిగాలా, వద్దా?

విషయ పరిచయం

వస్తువుల ఎంపికలో వినియోగదారుడు ఎలా ఆలోచిస్తాడో ఇంతకు ముందు భాగంలో చదివారు. సబ్బు బిళ్ల, బియ్యం బస్తా కంటికి కనిపిస్తాయి, చేతికి తగులుతాయి. బస సంగతి వేరు. డబ్బు కట్టి, అక్కడికి చేరి, ఒక రాత్రి పడుకుంటేగాని అది ఎలాంటిదో తెలియదు. తెలిసేసరికి ఆ రాత్రి గడిచిపోయి ఉంటుంది. అమెరికన్ ఆర్థికశాస్త్రవేత్త ఫిలిప్ నెల్సన్ 1970లో ఈ తేడాను స్పష్టంగా చెప్పాడు. కొనకముందే పరిశీలించి నాణ్యత తెలుసుకోగలిగేవి అన్వేషణ వస్తువులు. వాడిన తరువాతే తెలిసేవి అనుభవ వస్తువులు. బస రెండో రకానికి చెందుతుంది.

ఈ భాగంలో ఒకే ఒక నిర్ణయాన్ని తీసుకుని మొదటి నుంచి చివరి వరకు పరిశీలిద్దాం. హైటెక్ సిటీలోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ మిమ్మల్ని రెండు నెలల పని మీద టోక్యోకు పంపింది అనుకోండి. భారతీయ కుటుంబాలు ఎక్కువగా ఉండే నిషి-కసాయి ప్రాంతంలో మీకు గది ఇచ్చారు. ఒక శని, ఆదివారాలు ఖాళీ దొరికాయి. బోసో ద్వీపకల్పంలోనో, ఇజు ద్వీపకల్పంలోనో సముద్రపు ఒడ్డున ఒక కుటుంబం నడిపే చిన్న బస ఇల్లు మీ కంటపడింది. ఎనిమిది గదులు, చాపల నేల, రెండు పూటల భోజనం. వెళ్లాలా, వద్దా?

సైబర్ టవర్స్ 1998 నవంబరులో ప్రారంభమైన నాటి నుంచి మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ఉద్యోగులకు విదేశీ ప్రయాణం వృత్తిలో భాగమైపోయింది. మీలో కొందరు అలా వెళ్లేవారు కావచ్చు. ఇంకొందరు ఆ సంస్థల ట్రావెల్ డెస్కుల్లో కూర్చుని వారికి గదులు కుదిర్చేవారు కావచ్చు. రెండో వారికి ఈ పాఠం ఎక్కువ అవసరం. తప్పు బస కుదిర్చితే ఆ రాత్రి ఇబ్బంది ఉద్యోగిది, సోమవారం ఉదయం మాట మీది.

మిన్షుకు అంటే ఏమిటి?

జపాన్ సంప్రదాయ బసలలో రెండు పేర్లు ఎక్కువగా వినిపిస్తాయి: ర్యోకాన్, మిన్షుకు. ర్యోకాన్ వృత్తిగా నడిపే బస ఇల్లు. అక్కడ గదికి వచ్చి వడ్డించేవారు, పడక పరిచేవారు ఉంటారు. మిన్షుకు అంతకంటే చిన్నది. చేపలు పట్టుకునే కుటుంబమో, వ్యవసాయ కుటుంబమో తమ ఇంట్లో కొన్ని గదులను అతిథులకు ఇవ్వడంతో ఇది మొదలైంది. సముద్ర స్నానాలకు, మంచు మీద స్కీయింగుకు నగరాల నుంచి జనం రావడం పెరిగిన 1960, 1970 దశకాలలో ఇవి బాగా విస్తరించాయి. భార్య వంట చేస్తుంది, భర్త చేపలు తెస్తాడు, పరుపు మీరే పరుచుకుంటారు. ఈ బసలన్నీ ప్రధానంగా 1948 నాటి హోటల్ వ్యాపార చట్టం కింద అనుమతి పొంది నడుస్తాయి. ఇళ్లలో గదులు అద్దెకిచ్చే మరో పద్ధతికి 2018 జూన్ నుంచి వేరే చట్టం వచ్చింది. దాని కింద ఏడాదిలో 180 రోజులకు మించి అతిథులను ఉంచుకోరాదు. ఇంటర్‌నెట్‌లో కనిపించే ప్రతి ‘జపాన్ ఇల్లు’ మిన్షుకు కాదని దీనిని బట్టి గ్రహించాలి.

తెలుగులో దీనిని సత్రం అనవచ్చా? అనకపోవడమే మంచిది. సత్రం అనగానే మనకు దాత, ధర్మం గుర్తుకు వస్తాయి. డబ్బు తీసుకుని ఇంట్లోనే వండి పెట్టే ఏర్పాటుకు మనకు వేరే మాట ఉంది: పూటకూళ్ల ఇల్లు. కాకతీయుల ఓరుగల్లును చూపే ‘క్రీడాభిరామం’లో పూటకూటింటి భోజనం కనిపిస్తుంది. 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’లో పూటకూళ్లమ్మ ఒక ముఖ్య పాత్ర. ఆ ఇళ్లు పోయాయి గాని పద్ధతి పోలేదు. మాదాపూర్, అమీర్‌పేట పీజీ హాస్టళ్లను చూడండి. అద్దె గదికి కాదు, మనిషికి. భోజనం అందులోనే కలిసి ఉంటుంది. టిఫిన్ వేళ దాటితే లేదు. స్నానాల గది అందరిదీ. రాత్రి ఒక వేళకు గేటు వేస్తారు. మిన్షుకు నియమాలన్నీ దాదాపు ఇవే. ఒకటి రెండేళ్లు పీజీలో ఉన్నవారికి మిన్షుకు అలవాటు పడడం, పెద్ద హోటళ్లకే అలవాటు పడినవారి కంటే తేలిక. అయితే పీజీలో మీరు నెలల తరబడి ఉంటారు, నచ్చకపోతే మారతారు. ఇక్కడ ఉండేది ఒక్క రాత్రి.

ధరను ఎలా చదవాలి?

బాపట్ల దగ్గర సూర్యలంకలో పర్యాటక సంస్థ వారి రిసార్టుకు వెళితే ధర గదికి చెబుతారు. మిన్షుకులో మనిషికి చెబుతారు. ఒక రాత్రి, రెండు భోజనాలు కలిపిన ఈ ధరను జపనీయులు ‘ఇప్పాకు నిషొకు’ అంటారు. ఈ తేడా తెలియనివారు ఇద్దరికి గది తీసుకుని, సగం డబ్బే చేతిలో పెట్టుకుని వెళతారు.

లెక్క వేసి చూద్దాం. ఇవి ఉదాహరణ కోసం తీసుకున్న అంకెలు. మిన్షుకు ధర మనిషికి 9,000 యెన్లు. స్టేషను పక్కన మామూలు హోటల్లో ఇద్దరి గది 11,000 యెన్లు, ఒక్కరి గది 7,500 యెన్లు. బయట రాత్రి భోజనం 1,500, ఉదయం టిఫిను 700 యెన్లు. ఇద్దరు వెళితే మిన్షుకు ఖర్చు 18,000. హోటలు ఖర్చు 11,000కు భోజనాల 4,400 కలిపి 15,400. అంటే మిన్షుకు 2,600 యెన్లు ఎక్కువ. ఇటీవలి సంవత్సరాలలో యెన్ విలువ సుమారు 55 నుంచి 60 పైసల మధ్య ఉంటోంది. 58 పైసలు అనుకుంటే మనిషికి దాదాపు 750 రూపాయల తేడా.

ఇప్పుడు ఒక్కరే వెళ్లారు అనుకోండి. మిన్షుకు 9,000. హోటలు, భోజనం కలిపి 9,700. ఈసారి మిన్షుకే 700 యెన్లు చౌక! మనిషికింత అనే ధర ఒంటరి ప్రయాణికుడికి లాభం, గదికింత అనే ధర జంటకు లాభం. ఇంటివారికి ఈ లెక్క తెలియకపోదు. అందుకే కొన్నిచోట్ల ఒక్కరికి గది ఇవ్వరు, ఇచ్చినా ఎక్కువ అడుగుతారు. బుకింగుకు ముందే అడిగి తెలుసుకోవాలి.

పైన చెప్పిన ధరలో పన్ను కలిసి ఉందో లేదో చూడండి. 2019 అక్టోబరు నుంచి వినియోగ పన్ను 10 శాతం. వేడినీటి ఊటల ఊళ్లలో స్నాన పన్ను అని మనిషికి సాధారణంగా 150 యెన్లు వేరుగా తీసుకుంటారు. చిన్న ఇళ్లలో కార్డు చెల్లకపోవచ్చు, నగదు ఉంచుకోవాలి. ఫోను చూపించి చెల్లించే అలవాటు మనకు ఎంతగా పాతుకుపోయిందో అలాంటి ఊళ్లలో తెలుస్తుంది.

భోజనం: అసలు చిక్కు ఇక్కడే

మిన్షుకు ధరలో పెద్ద భాగం భోజనానిదే. అక్కడికి జనం వెళ్లేదీ దాని కోసమే. ఆ రోజు పడవల్లో వచ్చిన చేప పచ్చిగా, కాల్చి, ఉడికించి, పులుసులో పెడతారు. చేపలు ఇష్టంగా తినేవారికి ఇంతకంటే చెప్పవలసింది లేదు. పచ్చి చేప వద్దనుకుంటే ముందుగా చెబితే చాలాచోట్ల కాల్చి ఇస్తారు.

శాకాహారి పరిస్థితి వేరు. కూరగాయల ముక్కలు, గుడ్డు వంటకం, మిసో సూప్, పకోడీలు ముంచుకునే రసం, ఇవన్నీ కంటికి శాకాహారంగా కనిపించినా వీటిలో ‘దషి’ అనే మూల రసం ఉంటుంది. దానిని ఎక్కువగా కత్సువొ అనే చేపను ఉడికించి, పొగబెట్టి, ఎండబెట్టి, చెక్కలా గట్టిపడ్డాక తురిమి కాస్తారు. చిన్న ఎండు చేపలతో కూడా కాస్తారు. కొంబు అనే సముద్రపు నాచుతో మాత్రమే కాసే దషి కూడా ఉంది, అది శాకాహారమే. అయితే చేపల ఊరిలో మామూలుగా వాడేది మొదటిదే. “వెజిటేరియన్” అని మాత్రమే చెబితే మాంసం ముక్క తీసేసి ఇస్తారు. వారి దృష్టిలో దషి ఒక రుచి, అది చేప కాదు. మన దగ్గర పులుసులో ఎండురొయ్యలు వేసి మరిగించి, రొయ్యలు ఏరేసి “ఇందులో ఏమీ లేదు, తినండి” అంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఎవరినీ మోసం చేయాలన్న ఉద్దేశం అందులో లేదు.

కాబట్టి అడిగే తీరు ముఖ్యం. మీరు ఏమిటో చెప్పకండి, ఏమి తినలేరో చెప్పండి. “నికు మో, సకానా మో, కత్సువొ దషి మో తాబెరారెమాసెన్” అంటే మాంసం, చేప, కత్సువొ రసం మూడూ తినలేను అని అర్థం. ఈ మాట బుకింగు రోజునే రాయాలి, సాయంత్రం పళ్లెం ముందు కూర్చుని చెప్పకూడదు. ఎందుకో ఆలోచించండి. ఇంటివారు మీ కోసం ఉదయమే చేప కొంటారు. ఎనిమిది గదుల ఇంట్లో వంటమనిషి ఒక్కరే. మీకు వేరే పొయ్యి, వేరే రసం పెట్టాలంటే ముందే తెలియాలి. తెలిసినా కుదరకపోవచ్చు. “మా వల్ల కాదు” అని మర్యాదగా రాసే ఇల్లు, సరేనని చెప్పి అన్నం, ఊరగాయ ముక్క పెట్టే ఇంటి కంటే మేలు. మొదటి ఇల్లు మీకు నిజమైన సమాచారం ఇచ్చింది.

భోజనం లేకుండా గది మాత్రమే తీసుకునే పద్ధతి ఒకటి ఉంది, దాన్ని ‘సుదొమారి’ అంటారు. శాకాహారులకు ఇది మంచి ఉపాయంలా కనిపిస్తుంది. అయితే చిన్న చేపల పల్లెలో సాయంత్రం అయ్యేసరికి దుకాణాలు మూసేస్తారు, తెరిచి ఉన్న ఒకటి రెండు హోటళ్లలో మళ్లీ చేపే. మీ సంచిలో ఉప్మా పొట్లం ఉంటే, వేడి నీళ్లు ఇమ్మని అడగవచ్చు. అందుకోసం సముద్రం దాకా వెళ్లాలా అన్నది మీ ఇష్టం. పూర్తి శాకాహార భోజనంతో సంప్రదాయ బస కావాలంటే కోయసాన్ కొండ మీది బౌద్ధ ఆలయాల అతిథి గృహాలు ఉన్నాయి. అక్కడి ‘షోజిన్’ వంటలో చేప రసం వాడరు, ఉల్లి వెల్లుల్లి కూడా వాడరు. సముద్రం మాత్రం కనిపించదు.

మీ ప్రగతిని తెలుసుకోండి

1. ఇద్దరు మిత్రులలో ఒకరు శాకాహారి. పై అంకెల ప్రకారం మిన్షుకుకు వెళితే శాకాహారి చెల్లించే 9,000 యెన్లలో ఆయనకు అందని భాగం ఏది? దానిని ఎలా అంచనా వేస్తారు?

2. పీజీ హాస్టలు, మిన్షుకు రెండూ మనిషికింత అని ధర ఎందుకు పెడతాయి? గదికింత అని పెడితే ఎవరికి నష్టం?

గది, స్నానం, వేళలు

గది కొలతను చాపలలో చెబుతారు. ‘తతామి’ అనే గడ్డి చాప ఒక్కొక్కటి సుమారు 1.6 చదరపు మీటర్లు. ఆరు చాపల గది అంటే దాదాపు పది చదరపు మీటర్లు, ఇద్దరికి సరిపోతుంది. మంచం, కుర్చీ ఉండవు. చెప్పులు వాకిట్లో విడవడం మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. చాప మీదికి ఇంట్లో తొడుక్కునే చెప్పులు కూడా రాకూడదు, మరుగుదొడ్డికి వేరే జత ఉంటుంది. నేల మీద కూర్చోవడం, పడుకోవడం మీకు తేలికే కావచ్చు. అమ్మానాన్నలను వెంట తీసుకెళుతుంటే మోకాళ్ల సంగతి ఆలోచించండి. పాత ఇళ్లలో మెట్లు నిటారుగా ఉంటాయి, లిఫ్టు ఉండదు.

స్నానం చాలామందికి పెద్ద సందేహం. తొట్టి అందరిదీ, ఆడవారికి వేరు, మగవారికి వేరు. చిన్న ఇళ్లలో తొట్టి ఒకటే ఉంటే వంతుల వారీగా లోపల గడియ వేసుకుని వాడుకుంటారు. తొట్టిలోకి దిగే ముందే బయట కూర్చుని ఒళ్లు రుద్దుకుని కడుక్కోవాలి. బట్టలతో దిగరాదు. నీరు 40 డిగ్రీలు, అంతకు పైనే ఉంటుంది. రక్తపోటు ఉన్నవారు ఎక్కువసేపు కూర్చోకూడదు. ఇతరుల ముందు బట్టలు లేకుండా స్నానం చేయడం మీకు ఇష్టం లేకపోతే, వంతుల స్నానం ఉందా అని అడగండి. ఒంటరిగా వెళ్లే మహిళలు గది తలుపు సంగతి కూడా అడగాలి. కొన్ని పాత ఇళ్లలో గదికి పక్కకు జరిపే కాగితపు తలుపే ఉంటుంది, తాళం ఉండదు. ఇలాంటి ప్రశ్న అడగడానికి మొహమాటపడనక్కరలేదు.

ఐటీ ఉద్యోగికి మాత్రమే ఎదురయ్యే చిక్కు ఒకటి ఉంది. జపాన్ కాలం మన కంటే మూడున్నర గంటలు ముందు. హైదరాబాద్ బృందం రాత్రి ఏడింటికి మీటింగు పెడితే అక్కడ పదిన్నర. ఆ వేళకు ఇల్లంతా నిద్రపోతుంది, గోడలు పలచన. మీ మాట మూడు గదుల అవతలికి వినిపిస్తుంది. శనివారం రాత్రి కాల్ తప్పదనుకుంటే మిన్షుకు వద్దు. రాత్రి భోజనం ఆరు, ఆరున్నరకు. అంతకుముందే చేరుకోవాలి. సాయంత్రం దాకా ఆఫీసులో ఉండి బయలుదేరతానంటే భోజనం చల్లారిపోతుంది, వారికి కోపం కంటే కంగారు ఎక్కువ కలుగుతుంది.

సముద్రం పక్కన ఉండడం

ఒడ్డున పడుకునేవారు సముద్రాన్ని అందంగా మాత్రమే చూడకూడదు. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన, 2004 డిసెంబరు 26 సునామీ మనకు తెలుసు. జపాన్ ఈశాన్య తీరాన్ని 2011 మార్చి 11న సునామీ ముంచెత్తింది. 2024 జనవరి 1న నోతో ద్వీపకల్పంలో 7.6 తీవ్రతతో భూకంపం వచ్చింది. సమయం సాయంత్రం 4 గంటల 10 నిమిషాలు, అంటే కొత్త సంవత్సరపు అతిథులు గదుల్లో దిగే వేళ. అక్కడి వకురా ఒన్సెన్‌లోని బస ఇళ్లు దెబ్బతిని నెలల తరబడి మూతపడ్డాయి.

అయితే ఇది వెళ్లవద్దని చెప్పే కారణం కాదు. జపాన్‌లో కట్టడాల భూకంప నియమాలు 1981 జూన్‌లో కఠినమయ్యాయి. ఇల్లు అంతకుముందుదైతే తరువాత బలపరిచారా అని అడగవచ్చు. ప్రతి తీర పట్టణం ఏ వీధి ఎంత ముంపులో పడుతుందో పటం ప్రచురిస్తుంది. చేరిన వెంటనే, స్నానానికి ముందే, ఎత్తైన చోటికి దారి ఎటో నడిచి చూసుకోండి. గట్టిగా భూమి కదిలితే సైరను కోసం ఆగకుండా ఆ దారిన వెళ్లాలి. ఆగస్టు నుంచి అక్టోబరు వరకు తుపానుల కాలం. ఆగస్టు మధ్యలో ఒబోన్ పండుగ, ఏప్రిల్ చివర మొదలయ్యే సెలవుల వారం, ఇవి సంక్రాంతికి హైదరాబాద్ బస్‌స్టాండ్ల లాంటివి. గది దొరకదు, దొరికినా ధర రెట్టింపు.

ఎవరి మాట నమ్మాలి?

ఇంటివారికి తమ ఇల్లు ఎలాంటిదో తెలుసు, మీకు తెలియదు. దీనిని సమాచార అసమానత అంటాం. జార్జ్ అకర్లాఫ్ 1970లో పాత కార్ల ఉదాహరణతో దీనిని వివరించాడు, 2001లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. మంచి చెడు తేల్చుకోలేని కొనుగోలుదారు తక్కువ ధరే ఇస్తానంటాడు, ఆ ధరకు మంచి సరుకు అమ్మేవారు బజారు నుంచి తప్పుకుంటారు. చిన్న బస ఇళ్ల విషయంలో ఇది కొంతవరకే నిజం. 1980 ప్రాంతంలో 80 వేలకు పైగా ఉన్న ర్యోకాన్‌లు 2018 నాటికి 40 వేల లోపుకు తగ్గాయి. యజమానులు వృద్ధులు కావడం, పిల్లలు నగరాలకు వెళ్లిపోవడం అందుకు పెద్ద కారణాలు.

ఈ అసమానతను తగ్గించుకోవడానికి మనం ఇతరుల అభిప్రాయాలు చదువుతాం. అక్కడ చుక్కల సగటు కంటే రాసినవారు ఎవరన్నది ముఖ్యం. చేపల భోజనాన్ని పొగిడిన వంద అభిప్రాయాలు శాకాహారికి ఎందుకూ పనికిరావు. “గది పాతది, చలిగా ఉంది, ఇంటావిడ ఇంగ్లిషు మాట్లాడలేదు, అయినా స్టేషను దాకా వచ్చి దింపింది” అని రాసిన ఒక్క మాటలో మీకు కావలసిన నాలుగు విషయాలు ఉన్నాయి. అన్నిటికంటే మంచి పరీక్ష మీరే పెట్టవచ్చు. భోజనం గురించి ఒక సూటి ప్రశ్న రాసి పంపండి. జవాబు ఎంత త్వరగా, ఎంత స్పష్టంగా వచ్చిందో చూడండి.

నిర్ణయం

పాఠ్యపుస్తకాలలో ప్రతి అంశానికి మార్కులు వేసి కూడమంటారు. ఈ నిర్ణయంలో ఆ పద్ధతి మోసం చేస్తుంది. సముద్రానికి పదికి పది, చాపల గదికి తొమ్మిది వేసుకుంటే, భోజనానికి సున్నా వచ్చినా మొత్తం బాగానే కనిపిస్తుంది. కాని రాత్రి ఆకలితో పడుకున్నవారికి సముద్రం వినోదం కాదు. అందువల్ల తప్పనిసరి షరతులను ముందు పక్కకు తీయాలి. నేను తినగలిగే భోజనం ఉందా? భోజన వేళకు చేరగలనా? ఆ రాత్రి ఆఫీసు పని లేకుండా ఉండగలనా? స్నానం, తలుపు నాకు అంగీకారమేనా? వీటిలో ఏ ఒక్కదానికి ‘కాదు’ వచ్చినా ఆ ఇంటిని వదిలేయాలి, అది ఎంత చౌక అయినా సరే. అన్నింటికీ ‘అవును’ వస్తేనే డబ్బు లెక్కకు రావాలి. అప్పుడు ఆ 750 రూపాయల తేడా చిన్నదిగా కనిపిస్తుంది. రెండు నెలలు హోటలు గదిలో ఉన్నవారికి ఒక ఇంట్లో భోజనానికి పిలుపు దానికంటే విలువైనదని నా అభిప్రాయం.

ఒకసారి కుదుర్చుకున్నాక మనసు మారితే? వందల గదుల హోటలుకు ఒక గది ఖాళీ పెద్ద లెక్క కాదు. ఎనిమిది గదుల ఇంటికి అది ఆ రోజు రాబడిలో ఎనిమిదో వంతు, పైగా చేప ముందే కొనేసి ఉంటారు. అందుకే ముందు రోజు, అదే రోజు రద్దు చేస్తే ధరలో పెద్ద భాగం, కొన్నిచోట్ల మొత్తం వసూలు చేస్తారు. చెప్పకుండా మానేస్తే, ఆ ఊళ్లో తరువాత వచ్చే భారతీయుడికి గది ఇవ్వడానికి వెనకాడవచ్చు. జ్వరం వచ్చినా, రైలు ఆగిపోయినా ఫోను చేసి చెప్పండి. భాష రాకపోతే మీ జపాన్ సహోద్యోగి చేత చెప్పించండి. పాస్‌పోర్టు మాత్రం మరచిపోకండి, జపాన్‌లో శాశ్వత చిరునామా లేని విదేశీయుల పాస్‌పోర్టు నకలు తీసుకుని ఉంచుకోవాలన్నది అక్కడి నియమం. మన లాడ్జిలలో ఆధార్ అడిగినట్టే.